దాచిన పేరు, పిలిచిన పేరు

కొండ అడ్డొస్తే సెల్ సిగ్నల్ తెగిపోయే అరకు వంటి చోట ఇంటి ఫోను విలువ వేరు. గాలికొండ, సుంకరిమెట్టల నడుమ ఉన్నవాళ్లకు అది నేను చెప్పక్కర్లేదు. ఆ ఫోనులో పేర్లు దాచుకోవడం, దాచుకున్న పేరుకు ఫోన్ చేయడం అనే చిన్న పనిలో స్మరణ రహస్యం చాలా ఉందని నా నమ్మకం.

కార్డ్‌లెస్ ఫోనులో ‘అమ్మ’ అని ఇంగ్లిషు అక్షరాలతో ఎక్కించి చూడండి. 2 ఒకసారి నొక్కితే ‘ఏ’. 6 ఒకసారి నొక్కితే ‘ఎమ్’. రెండో ‘ఎమ్’ కూడా ఆ 6 మీదే ఉంది కాబట్టి కర్సర్ పక్కకు జరిగేదాకా ఆగాలి. తొందరపడి వెంటనే నొక్కితే ‘ఎమ్’ కాస్తా ‘ఎన్’ అయిపోతుంది, అమ్మ ఉండాల్సిన చోట ‘అన’ మిగులుతుంది. జపం చేసేవాళ్లకు ఇది తెలిసిన సంగతే. నామానికీ నామానికీ మధ్య ఊపిరంత విరామం లేకపోతే పూసలు కదులుతాయి గానీ నామం లోపలికి దిగదు.

పేరు ఎక్కించగానే పని అయిపోయిందనుకుంటాం. పతంజలి చెప్పిన ఐదు చిత్తవృత్తుల్లో చివరిది స్మృతి. సంస్కారం మనసు అడుగున పడి ఉంటుంది. అది లేచి పలికినప్పుడే స్మృతి అవుతుంది. ఫోనులో దాచిన పేరు ఇంకా సంస్కారమే. గీత రెండో అధ్యాయం స్మృతి చెడితే బుద్ధి నశిస్తుందని హెచ్చరిస్తుంది. పద్దెనిమిదో అధ్యాయం చివర అర్జునుడు తనకు స్మృతి తిరిగి వచ్చిందంటాడు. ఎక్కడినుంచో తెచ్చుకున్నది కాదది, తనలో ఉన్నదే పలికింది.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌లో సెల్ నెంబరుకు ముందు సున్నా కొట్టడం తప్పనిసరైంది. అంతవరకూ ఉత్త పది అంకెలతో దాచుకున్న పేర్లన్నీ చెక్కుచెదరకుండా ఉన్నా కాల్ వెళ్లలేదు. ఒక్కొక్క పేరూ తెరిచి సున్నా చేర్చాల్సి వచ్చింది. సాధకుడికి ఇంతకన్నా స్పష్టమైన పాఠం ఏముంటుంది? నామం సరైనదే, అంకెలూ సరైనవే. ‘నేను’ సున్నా కానిదే పిలుపు అందదు.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మన్యంలో కాఫీ తోటలకు నీడనిచ్చే సిల్వర్ ఓక్ చెట్లు విరిగిపడ్డాయి, కరెంటు పోయింది. పాత తీగ ఫోనుకు ఎక్స్‌ఛేంజ్ నుంచే 48 వోల్టుల కరెంటు వస్తుంది గనక లైను బాగుంటే చాలు, మాట్లాడవచ్చు. కార్డ్‌లెస్ బేస్‌కు మాత్రం ఇంటి కరెంటే దిక్కు. అది పోతే హ్యాండ్‌సెట్ బ్యాటరీ మీద పేర్లన్నీ కనిపిస్తూనే ఉంటాయి, ఒక్కరికీ కాల్ కలవదు. అప్పుడు పక్కింటి ఫోను దగ్గరకు పరిగెత్తినా, కంఠతా వచ్చిన నెంబరే అక్కరకొస్తుంది. గీత ఎనిమిదో అధ్యాయంలో అంత్యకాల స్మరణ గురించి చెబుతూ కృష్ణుడు అన్ని వేళలా తలచుకొమ్మన్నది ఇందుకే. ఆ గడియలో వెతుక్కుంటే దొరికేది కాదు.

మీ వాళ్ల నెంబర్లు నాలుగైనా నోటికి నేర్చుకోండి. పాడేరుకైతే ముందు 08935, అరకుకైతే 08936. మిగతా అంకెలు మీకు తెలిసి ఉండాలి. ఈ సాయంత్రం దాచిన పేరు జోలికి వెళ్లకుండా, అంకె తర్వాత అంకె నొక్కి ఒకరికి ఫోన్ చేయండి.