కాయకము - ఉప్పునీరు

శ్రమించి సంపాదించినదెల్ల కాయకమగునా? బసవేశ్వరుని మార్గమున శ్రమ పవిత్రమే. కాని పొరుగువాని త్రాగునీటిని చెరచిన శ్రమకు ఆ పేరు చెల్లదు.

నెల్లూరు తీరమున, కోట పరిసరములందు, ఇది గ్రంథములలోని ప్రశ్న కాదు. 1990 దశకమున రొయ్యల చెరువులు ఈ తీరము వెంబడి విస్తరించినవి. ఉప్పుటేళ్ల నుండి తోడి నిలిపిన నీరు నేలలోనికి దిగి ఊటబావులను చేరును. కుర్రు గ్రామమున మత్స్యకారులకు మంచినీరు కరవుకాగా, స్త్రీలు ఎదిరించిన పిమ్మట ట్యాంకర్లతో నీరు వచ్చినది. సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ అర్జీపై 1996 డిసెంబరు 11న సర్వోన్నత న్యాయస్థానమిచ్చిన తీర్పులో ఈ సంగతి కలదు. తీరమునకు 500 మీటర్ల లోపు, సంప్రదాయ పద్ధతివి తప్ప, చెరువులను తొలగింపుమని ఆ తీర్పు ఆదేశించినది. 2005 నాటి చట్టము నమోదైన చెరువులకు అనుమతినిచ్చి, ఆ దూరమును 200 మీటర్లు చేసినది.

చట్టము అనుమతించినంతమాత్రమున భక్తునికి ప్రశ్న తీరదు. అప్పులపాలై వరిచేను త్రవ్వుకొన్న చిన్న రైతును, వందల ఎకరములు కౌలుకు పట్టిన ధనికుని ఒక్కగాట కట్టుట అన్యాయమే. అయినను ఇరువురి రాబడియు దాసోహముగా మఠమును చేరవచ్చును. దానిని స్వీకరించుటకు ముందు మఠాధిపతులు ఆ చెరువు ప్రక్క బావినుండి ఒక చెంబెడు నీరు తెప్పించి రుచి చూడవలెను.