జాబితాలో లేనిది

మ్యూజియాన్ని కొత్తగా తీర్చిదిద్దాలన్నప్పుడు మొదట బల్ల మీదికి వచ్చేది వస్తువుల జాబితా. ఏది ఎక్కడ పెట్టాలి, జనం ఎటు నడవాలి? అవసరమైన లెక్కలే. మరి జాబితాకెక్కని వాటి సంగతేంటి?

సాలార్‌జంగ్ మ్యూజియం 1951లో ఆ వంశం వాళ్లుండే దివాన్ దేవిడిలోనే మొదలైంది. 1968లో మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి మారింది. మేలిముసుగు రెబెక్కా భద్రంగా ఉంది. దేవిడి మాత్రం కూలిపోయి, కమాన్లు మిగిలాయి.

సాఫ్ట్‌వేర్‌లో డేటా మైగ్రేషన్ అయ్యాక రికార్డుల లెక్క సరిపోతే సంబరపడతాం. వాటి మధ్య సంబంధాలు తెగినా లెక్క సరిపోతుంది, అదే చిక్కు. మూడు తరాల ఇష్టంతో ఒకే ఇంటికి చేరిన చైనా పింగాణీ, ఫ్రెంచి ఫర్నిచరు ఇప్పుడు వేర్వేరు గ్యాలరీలు. ఇల్లు అనే వాక్యం పోయి పదాలు మిగిలాయి.

లక్షల జనాన్ని ఆ పాత ఇల్లు మోయగలదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. మార్పు తప్పు కాదు. ఏం పోతోందో రాసుకోకుండా మార్చడమే తప్పు.

ఇవాళ మ్యూజికల్ క్లాక్ దగ్గరికెళ్లి చూడండి. బుల్లి బొమ్మ బయటికొచ్చి గంట కొట్టే ఆ క్షణం కోసం, పిల్లల్ని భుజాలకెత్తుకుని ఎంతమంది ఎదురుచూస్తుంటారో! ప్లాను గీసేవాళ్లకి అది రద్దీ. ఆ గడియారాన్ని ప్రశాంతమైన గదిలోకి మార్చడం తేలికే. ఒకరికొకరు తెలియని జనం కలిసి ఎదురుచూడటాన్ని ఏ గదిలోకి మారుస్తాం?

దానికి అయ్యే ఖర్చు ఏ టెండర్‌లోనూ కనపడదు. అందుకే దాన్ని ముందే అడగాలి.