రోగికి మిగిలే క్రియలు

ఆస్పత్రి నుంచి వచ్చే కబురు ఎవరి నోట విన్నా ఒకే తీరుగా ఉంటుంది. రాత్రి అడ్మిట్ చేశారు. సెలైన్ పెట్టారు. పొద్దున స్కానింగ్ తీశారు. మధ్యాహ్నం ఐసీయూకి షిఫ్ట్ చేశారు. అంతా బాగుంటే ఎల్లుండి డిశ్చార్జ్ చేస్తారట. చేసేదెవరో చెప్పనక్కర్లేదు, ఎవరికి చేశారో కూడా చెప్పనక్కర్లేదు. మొన్నటిదాకా పాలపాకెట్ తెచ్చి, పేపరంతా చదివి, కరెంటు బిల్లు గడువు గుర్తుపెట్టుకుని కట్టి, మనవరాలిని బడి దగ్గర దింపి వచ్చిన మనిషి ఒక్క రాత్రిలో ఏ క్రియకూ కర్త కాకుండా పోతాడు. అన్నీ ఆయనకు జరుగుతూ ఉంటాయి.

జబ్బు స్వభావమే అది. లేవడం, నడవడం, తినడం ఒక్కొక్కటే మన చేతుల్లోంచి లాక్కుంటుంది. అయితే ఆస్పత్రి ఇంగ్లీషు వంతు కూడా కొంత ఉంది. గమనించి చూడండి, ఒంటిని తాకే పనులు ఇప్పటికీ చాలావరకు తెలుగులోనే ఉన్నాయి. సూది గుచ్చుతారు, రక్తం ఎక్కిస్తారు, కుట్లు వేస్తారు, కట్టు మారుస్తారు, ఒళ్ళు తుడుస్తారు, పక్కకు తిప్పి పడుకోబెడతారు. మనిషిని ఎక్కడికి పంపాలి, ఎప్పుడు వదలాలి అని తేల్చే పనులు మాత్రం ఇంగ్లీషులో ఉంటాయి: అడ్మిట్, షిఫ్ట్, రెఫర్, డిశ్చార్జ్. ఆయువు నిండితే ఎక్స్‌పైర్. చావు దగ్గర తెలుగు ఎంత మర్యాదగా ఉండేదో! కాలం చేశారు అనేవాళ్ళం, కన్నుమూశారు అనేవాళ్ళం. ఆ ఆఖరి పనికి పోయే మనిషే కర్త. ఇప్పుడు మాత్రల అట్ట మీద తేదీకి వాడే మాటనే మనిషికీ వాడేస్తున్నాం. సరే, అది వేరే దిగులు.

కేస్ షీటులో రోగి కర్తగా కనిపించే చోట్లు లేకపోలేదు. అవి చదివితేనే మనసు చివుక్కుమంటుంది. తలనొప్పిగా ఉందండీ అని ఆయన చెబితే 'కంప్లెయిన్స్ ఆఫ్' అని రాస్తారు, ఏదో ఫిర్యాదు పట్టుకొచ్చినట్టు. ఛాతీలో నొప్పేమీ లేదంటే 'డినైస్'. పోలీసు స్టేషన్లో నేరం ఒప్పుకోనివాడి గురించి రాసే మాట అది. వాడిన మందుకు గడ్డ లొంగకపోతే మందు ఓడిపోయిందని రాయరు, రోగి 'ఫెయిల్డ్' అని రాస్తారు. వద్దంటే 'రిఫ్యూజ్డ్'. బిల్లుకు భయపడో, ఊళ్ళో కోతలున్నాయనో చెప్పకుండా వెళ్ళిపోతే 'అబ్‌స్కాండెడ్', అంటే పరారీ. 2022లో కాక్స్, ఫ్రిట్జ్ అనే ఇద్దరు వైద్యులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇలాంటి మాటల్నే పట్టుకుని నిలదీశారు. రాసే డాక్టర్లకు దురుద్దేశం ఉందని నేననుకోను. సీనియర్లు రాసింది చూసి నేర్చుకున్న రాత అది. పైగా 'డినైస్' అని ఉంటే ఆ ప్రశ్న అడిగారన్నదానికి రుజువు కూడా. అయినా ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి రాత్రిదాకా మనుషుల గురించి అవే క్రియలు రాస్తూ పోతే, ఎదురుగా కూర్చున్నవాణ్ణి కాస్త అనుమానంగా చూడటం అలవాటైపోదా?

మన పాత వైద్యం రోగిని ఇంత చేతులు కట్టి కూర్చోబెట్టలేదు. చరక సంహిత సూత్రస్థానంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు: వైద్యుడు, ఔషధం, దగ్గరుండి చూసుకునేవాడు, రోగి. ఒక్కోదానికీ నాలుగేసి గుణాలు. రోగి జరిగింది గుర్తుంచుకోవాలి, చెప్పినట్టు చేయాలి, భయపడకూడదు, తన బాధను వివరంగా తెలియజెప్పాలి. వీటిలో చెప్పినట్టు చేయడం ఒక్కటే నేటి ఆస్పత్రులకు బాగా గుర్తుంది, దానికి కంప్లయన్స్ అని పేరు కూడా పెట్టుకున్నాయి. మిగతా మూడూ కూడా పనులే. మంచం మీద వెల్లకిలా పడుకుని కూడా చేయగలిగిన పనులు.

ఆ చివరి గుణం దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే బాధను చెప్పడానికి మన పల్లెల్లో ఉన్నన్ని క్రియలు ఏ ప్రిస్క్రిప్షన్‌లోనూ పట్టవు. గోరుచుట్టు సలుపుతుంది. పన్ను జివ్వుమంటుంది. పిక్కలు లాగుతాయి, కాళ్ళు పీకుతాయి, మెడ పట్టేస్తుంది, అరికాళ్ళు మండుతాయి, కడుపులో మెలిపెడుతుంది, చేయి తిమ్మిరెక్కుతుంది. ఇవి ఒకదానికొకటి మారుపేర్లు కావు. మెలిపెట్టి, వదిలి, మళ్ళీ మెలిపెట్టేది లోపలి గొట్టమేదో మూసుకుపోయిందని చెప్పవచ్చు. మూత్రనాళంలో రాయి అడ్డం పడ్డా అలాగే ఉంటుంది. షుగరున్న మనిషి అరికాళ్ళు మండుతున్నాయంటే నరాల వైపు చూడాలి. సలుపుతోందంటే లోపల చీము పట్టిందేమో చూడాలి. ఛాతీని బిగించేసినట్టుందని ఎవరైనా అంటే ఇంకేమీ ఆలోచించకుండా పరుగెత్తాలి. లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్ 1768లో గుండెకు రక్తం చాలక వచ్చే ఆ నొప్పిని తోటి వైద్యులకు వివరించినప్పుడు, ఆయన చేతిలో ఈసీజీ లేదు, రక్తపరీక్ష లేదు. నడుస్తుంటే పట్టుకుంటుంది, నిలబడితే వదిలేస్తుంది అని రోగులు చెప్పిన మాటలే ఆధారం. రెండు వందల ఏళ్ళ తర్వాత, 1975లో, కెనడా శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్ నొప్పిని కొలవడానికి ప్రశ్నావళి తయారుచేస్తూ మళ్ళీ మాటల దగ్గరికే వచ్చాడు. 78 మాటల్ని 20 గుంపులుగా పేర్చి, మీది వీటిలో ఏది అని అడిగాడు.

మనం మాత్రం చదువుకున్న కొద్దీ ఆ సంపద పోగొట్టుకుంటున్నాం. 'కొంచెం పెయిన్‌గా ఉంది డాక్టర్' అంటున్నాం. ఎలాంటి పెయిన్ అంటే 'పెయినే' అంటాం. సంతకం రాని అవ్వ ఓపీ గదిలో 'మోకాలు రాత్రంతా పీకి పీకి, తెల్లారేసరికి బిగుసుకుపోతది బిడ్డా' అని ఒక్క వాక్యంలో కేసు సగం చెప్పేస్తుంది. వినే తీరిక ఉండాలి అంతే.

ఆ తీరిక సంగతి తెలిసిందే. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ 74 సంప్రదింపులు రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టాక డాక్టరు అడ్డుపడటానికి పట్టిన సగటు సమయం 18 సెకన్లు. మన దగ్గర డాక్టరు బయట వంద మంది ఉన్నారన్న సంగతి మరిచిపోలేడు, ఆయన్ని పూర్తిగా తప్పుపట్టలేను. కానీ డాక్టరు అడ్డుపడక ముందే అడ్డుపడేది ఎవరు? మనమే. ఏమైంది పెద్దాయనా అని డాక్టరు అడగగానే, పక్కనున్న కొడుకు 'మూడు రోజుల్నుంచి తినడం లేదండీ' అంటాడు. కోడలు 'రాత్రుళ్ళు నిద్ర లేదు' అని అందుకుంటుంది. పెద్దాయన నోరు తెరిచేలోగా 'ఆయనకేం తెలీదు సార్, నేను చెబుతాను' అని ఇంకొకరు. ప్రేమ లేక కాదు. ప్రేమ ఉండబట్టే, తొందర ఉండబట్టే. చరకుడు దగ్గరుండేవాడికి చెప్పిన గుణాల్లో అనురాగం ఉంది, శుభ్రత ఉంది, నేర్పు ఉంది, సేవ తెలిసి ఉండటం ఉంది. రోగికి బదులు మాట్లాడటం లేదు.

బదులు మాట్లాడటం ముదిరితే బదులు ఒప్పుకోవడం అవుతుంది. 2008లో సుప్రీంకోర్టు ఒక కేసులో ఈ సంగతి తేల్చింది. పరీక్ష కోసమని మత్తిచ్చిన ఒక మహిళకు, ఆమె మత్తులో ఉండగానే, బయట కూర్చున్న తల్లి అనుమతి తీసుకుని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. తెలివిలోకి వచ్చాక తన మాట తాను చెప్పగల పెద్దమనిషి ఆమె, అప్పటికప్పుడు తీయకపోతే ప్రాణం పోయే పరిస్థితీ కాదు, కాబట్టి తల్లి సమ్మతి చెల్లదంది కోర్టు. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా, పూర్తి తెలివిలో ఉన్న తండ్రిని మంచం మీద వదిలి కాగితం కొడుకు చేతికిచ్చి సంతకం పెట్టమనడం మనకేమీ వింతగా తోచదు.

ఇక చరకుడు రోగికి చెప్పిన మరో గుణం, భయపడకపోవడం. దాన్ని కూడా రోగి తరఫున మనమే చేసేస్తాం. 'నాన్నగారికి చెప్పకండి సార్, తట్టుకోలేరు' అని డాక్టరు గది తలుపు దగ్గరగా వేసి బతిమాలుకుంటాం. రిపోర్టు దాచేస్తాం, పుండన్నామో గడ్డన్నామో ఇంట్లో అందరూ ఒకే మాట మీద ఉండేలా చూసుకుంటాం. ఆయనకు తెలియకుండా ఉంటుందా? మందుల వాసనే చెబుతుంది, చూడటానికి వచ్చినవాళ్ళ మొహాలే చెబుతాయి. 1859లో నోట్స్ ఆన్ నర్సింగ్ రాసిన ఫ్లోరెన్స్ నైటింగేల్, రోగి గదిలో గుసగుసలాడటం ఎంత క్రూరమో కచ్చితంగా రాసింది. ఏమీ తెలియకుండానే నీకేం ఫర్లేదని ఉత్తుత్తి ధైర్యాలు చెప్పేవాళ్ళను చీవాట్లు పెట్టడానికి ఏకంగా ఒక అధ్యాయమే కేటాయించింది. తనకు వచ్చింది ఏమిటో తెలియనివాడు దేనికి భయపడకుండా ఉంటాడు?

దాచకుండా రోగినే అడిగితే ఏమవుతుందో చూడండి. 1967లో లండన్‌లో, చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత ఆస్పత్రి సాంఘిక కార్యకర్త, ఆ తర్వాత డాక్టరు. నయంకాని జబ్బుతో ఉన్న ఒకావిడను ఆమె మీ నొప్పి గురించి చెప్పండి అని అడిగిందట. ఆవిడ వీపుతో మొదలుపెట్టింది. అక్కణ్ణుంచి ఒళ్ళంతా అయింది. తన కోసం భర్తా కొడుకూ పని మానుకుంటే జీతం పోతుందన్న బెంగ అయింది. అడగకుండా ఊరుకుని ఉంటే వీపు నొప్పి అని రాసుకుని, దానికో మాత్ర ఇచ్చి వెళ్ళిపోయేవారు. మొత్తం మనిషి పడే నొప్పి అన్న ఆలోచనను వైద్యానికి సాండర్స్ అలాంటి మాటల్లోంచే అందించింది.

బాగా బతకడమంటే జబ్బు రాకుండా ఉండటమని చాలామంది అనుకుంటారు. యోగా, నడక, చిరుధాన్యాలు, అన్నీ మంచివే, చేయండి. అయినా ఒకనాడు మంచం ఎక్కుతాం. అప్పుడు మనకు మిగిలేవి నాలుగైదు క్రియలే. చెప్పడం, అడగడం, ఒప్పుకోవడం, వద్దనడం. ఆఖరి దశలో ఏ చికిత్స వద్దో ముందే రాసి పెట్టుకోవచ్చని 2018లో సుప్రీంకోర్టు అంది, 2023లో ఆ పద్ధతిని ఇంకా సులువు చేసింది. ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ముందు సంతకం చాలు. కానీ ఆ కాగితం దాకా వెళ్ళడానికి ముందు చాలా రోజులున్నాయి. ఈసారి అమ్మనో నాన్ననో ఆస్పత్రికి తీసుకెళ్తే కుర్చీ డాక్టరుకు ఎదురుగా వాళ్ళకే వేయండి. ఏమైంది అన్న ప్రశ్న వచ్చినప్పుడు మీరు కాసేపు ఊరుకోండి. వాళ్ళు ఎక్కడో మొదలుపెట్టి, పొలం గొడవ చెప్పి, చుట్టూ తిరిగి నొప్పి దగ్గరికి వస్తారు. రానివ్వండి.