ఏడాది కూలి, ఒక సర్టిఫికెట్



పదో తరగతి ఫలితాలు రాగానే చాలా ఇళ్లలో ఒక లెక్క మొదలవుతుంది. అబ్బాయిని ఐటీఐలో వెల్డర్ ట్రేడ్‌లో చేర్పించాలా, రేపటి నుంచే షెడ్డులో పనికి పంపాలా? వెల్డర్ కోర్సు ఏడాది. ఫిట్టర్, టర్నర్ అయితే రెండేళ్లు. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు పెద్ద భారం కాదు. అసలు ఖర్చు, ఆ ఏడాదిలో ఇంటికి రాకుండా పోయే కూలి డబ్బు. చాలామంది దాన్ని లెక్కలో వేయరు.

మరి రాబడి సంగతి? ఐటీఐ సర్టిఫికెట్ చేతికొస్తే, 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద ఫ్యాక్టరీలో స్టైపెండుతో శిక్షణకు, రైల్వేలో టెక్నీషియన్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. షెడ్డులో ఎంత బాగా పని నేర్చినా, చేతిలో కాగితం లేకపోతే ఆ గుమ్మం దాటడం కష్టం.

అలాగని కాగితం ఒక్కటే అన్నం పెట్టదు. ఓడల తయారీలోనో, పైపులైను పనిలోనో వెల్డరును తీసుకునే ముందు పరీక్ష పెడతారు. ఏటవాలుగా బిగించిన పైపు చుట్టూ అతుకు వేయమంటారు. లోపల గాలి బుడగలు, చీలికలు ఉన్నాయేమోనని ఎక్స్‌రే తీసి చూస్తారు. అక్కడ మార్కులు చూపిస్తే సరిపోదు.

అందుకే చేర్పించే ముందు వర్క్‌షాపులోకి వెళ్లి చూడండి. ఒక్కో యంత్రం దగ్గర ఎంతమంది ఉన్నారు? సాధనకు ఎలక్ట్రోడ్లు సరిపడా ఇస్తున్నారా? నిరుడు పాసైన పిల్లలు ఇప్పుడెక్కడ పనిచేస్తున్నారు? సరైన జవాబులొస్తే, ఏడాది కూలి ధైర్యంగా వదులుకోవచ్చు.