దాసుని యెరుక

ఉయ్యాలవాడ, ఆళ్లగడ్డ ప్రాంతముల గృహస్థులకు ప్రహ్లాదచరిత్రము పరాయి కథ కాదు. అహోబిల నరసింహుడు అచ్చట పలువురికి ఇలవేల్పు. ఆ ప్రహ్లాదుడు తండ్రికి విన్నవించిన నవవిధ భక్తులలో దాస్యము ఏడవది, ఆత్మనివేదనము తొమ్మిదవది. ఈ రెంటి మర్మమును తెలిసికొనుటకు ఒక గాయకుని స్వీయచరిత్ర మిక్కిలి తోడ్పడును. అది హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారి ‘నా యెరుక’.

దాసుగారు 1864లో బొబ్బిలి సమీపమున అజ్జాడ గ్రామమున జన్మించిరి. తల్లి నరసమ్మగారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు సూర్యనారాయణ. ఐదేండ్ల ప్రాయమున తల్లితో యాత్రకు వెళ్లి, అంగడిలో భాగవతమును చూచి కొనిపెట్టుమని మారాము చేసిరట. ఆ పసివాని నోట పద్యములు వినిన వర్తకుడు అబ్బురపడి గ్రంథమును ఊరకయే యిచ్చెనట. 1883లో ధ్రువచరిత్రముతో హరికథాగానమునకు పూనుకొనిరి. పిమ్మట ప్రహ్లాదచరిత్రమును రచించిరి. 1919లో విజయనగర సంగీత పాఠశాలకు తొలి అధ్యక్షులైరి. 1945లో కీర్తిశేషులైరి.

ఆ చిన్న గ్రంథమున వారి తొలి ముప్పదియేండ్ల జీవితమే కలదు. మొదటిసారి చదువువారిని అందలి సభలు, సన్మానములు ఆకర్షించును. మరల చదువునపుడు దృష్టి వేరొకచోట నిలుచును. ఆ మహావిద్వాంసుడు తన యౌవన చాపల్యములను దాచలేదు. తన విద్యపై గల అతిశయమును సైతము దాచలేదు. ఇట్టివారు ‘దాసు’ యను పేరు ధరించుట తగునా యని సందేహము కలుగవచ్చును.

మన సంప్రదాయమున దాస్యము సంపాదించుకొను గుణము కాదు. జీవుని స్వరూపమే అది. దానిని గుర్తెరుగుటయే యెరుక. ఆళవందారులంతటివారు స్తోత్రరత్నమున తమ దోషములనే స్వామియెదుట విన్నవించుకొనిరి. అయితే దోషము చెప్పుకొన్నంత మాత్రమున శరణాగతి కాదు. చెప్పుకొనుటలోను గర్వము దాగియుండును. ఎవరి మెప్పునకు చెప్పుచున్నామన్నదే పరీక్ష.

1866 నాటి కరవులో వేలాదిమందికి అన్నము పెట్టిన బుడ్డా వెంగళరెడ్డిగారు ఉయ్యాలవాడవారే. ఆ దానగుణమును జనులే పాట కట్టి పాడుకొనిరి. మన సుగుణమును లోకము చెప్పవలెను. మన దోషమును మనమే యెరుగవలెను. ఈ రెండును తారుమారైనచో భక్తి వట్టి వేషమగును.

హిరణ్యకశిపుడు శత్రువును లోకమంతట వెదకెను. అదుపు తప్పిన మనస్సునకు మించిన శత్రువు లేదని ప్రహ్లాదుడు చెప్పెను. నవనారసింహులను సేవింప నేగు యాత్రికులు కొండ యెక్కుటకు ముందు రాత్రి, ఎవరికిని వినిపింపక, తమ తమ యెరుకను స్వామియెదుట చదువుకొందురుగాక. అంతకు మించిన కానుకను ఆ స్వామి కోరడు.