శిలపై శాసనము, చిత్తముపై శాసనము

ప్రాచీనులు తమ రాజ్యములను ఎట్లు పాలించిరని అడుగువారు సామాన్యముగా రాజుల పేర్లను, సేనల సంఖ్యను, పన్నుల వివరమును కోరుచుందురు. అవి చరిత్రగ్రంథములలో దొరకును. కాని ఆ ప్రశ్నకు అడుగున మఱియొక ప్రశ్న కలదు. మనుష్యుడు దేనిచేత పాలింపబడుచున్నాడు? వెలుపలినుండి వచ్చు దండభయముచేతనా, లోపల పుట్టు వివేకముచేతనా? ఒక నాగరికత కూలిపోయిన పిమ్మట దానినుండి మనకు సంక్రమించునది వీనిలో ఏది? దీనిని కేవలము ఊహలో విచారించుటకంటె ఒక నదీతీరమున నిలిచి విచారించుట మేలు. ఆ నది ఢిల్లీకి తూర్పున ఘాజియాబాదు నగరము ప్రక్కగా పారుచున్న హిండన్.

ఘాజియాబాదు పురాతన నగరము కాదు. 1740లో మొగలు ఆస్థానపు ప్రముఖుడగు ఘాజీఉద్దీన్ దీనిని తన పేర నెలకొల్పెను. రైలుమార్గము వచ్చిన తరువాత ఘాజీఉద్దీన్‌నగర్ అను దీర్ఘనామము ఘాజియాబాదుగా కుదించుకొనెను. నేడది కర్మాగారములతోను ఎత్తయిన భవనములతోను నిండియున్నది. ఉద్యోగార్థమై వచ్చిన మన తెలుగు కుటుంబములును అచట కలవు. నగరము క్రొత్తదేగాని నది క్రొత్తది కాదు. ఇదే హిండన్ ఒడ్డున, ఎగువనున్న మీరట్ జిల్లాలో, ఆలంగీర్‌పూర్ అను గ్రామపు దిబ్బను 1958–59లో పురావస్తుశాఖవారు త్రవ్వగా సింధునాగరికతకు చెందిన కుండలు, పూసలు, కాల్చిన ఇటుకలు బయల్పడినవి. నాలుగువేల ఏండ్లకు పూర్వము సింధునాగరికులు తూర్పుదిక్కున ఇంతదూరము వచ్చి కాపురముండిరి.

వారు ఎట్లు పాలింపబడిరి? ఈ విషయమున ఆ జనులు మనల నాశ్చర్యపఱచుచున్నారు. ఈజిప్టునందువలె రాజును కొనియాడు బృహద్విగ్రహములు వారి నగరములలో కానరావు. ఇది రాజప్రాసాదమని నిస్సందేహముగా చూపదగిన భవనమును లేదు. వారి లిపిని ఇంతవరకు ఎవరును చదువజాలకున్నారు. కాని మొహెంజొదారోలో ఇంటింటినుండి మురుగునీరు వీధికాలువలోనికి పోవుటకు ఏర్పాటుండెను. ఇటుక మందము, వెడల్పు, పొడవులు ఒకటి, రెండు, నాలుగు పాళ్లలో ఉండెను. తూకపురాళ్లు సుమారు 13.6 గ్రాములు గల తూకమును ప్రమాణముగా గొని రెట్టింపగుచు పోవును. వందలకొలది క్రోసుల దూరమున నున్న ఊళ్లలో సైతము ఆ తూకము ఒక్కటే. (ఆ లెక్కలో పదునాఱు అను సంఖ్యకు స్థానమున్నది. 1957లో దశాంశనాణెములు వచ్చువఱకు మన రూపాయికి పదునాఱణాలే. పదహారణాల తెలుగుదనమని నేటికిని మనము చెప్పుకొనుచున్నాము. ఈ రెంటికిని సంబంధము కల్పించుట సాహసమగును గాని, ఆ పోలిక ముచ్చటగా నున్నది.) అంగడివాని రాయి సరియైనదేనని నమ్మకము లేనిచోట ఇంత విస్తారమగు వ్యాపారము సాగజాలదు. ఆ నమ్మకమును నిలిపినవారు అధికారులో, శ్రేణులో, ఆచారమో, ఏదైనను దాని గుర్తు ఖడ్గము కాదు, తక్కెడ.

పాలనకు రెండవ రూపము బాబిలోనియాయందు కనబడును. క్రీ. పూ. పదునెనిమిదవ శతాబ్దిలో హమ్మురాబి చెక్కించిన నల్లరాతిస్తంభము 1901లో సూసా శిథిలములలో దొరకినది. నేడు పారిస్ నగరమున లూవ్ర్ ప్రదర్శనశాలయం దున్నది. అందు సుమారు 282 ధర్మములు కలవు. కంటికి కన్ను అను కఠోరవాక్యము అందఱకును తెలిసినదే. అందలి మఱొక ధర్మమును అంతగా ఎవరును తలపరు: తన కాలువగట్టును అశ్రద్ధచేసి పొరుగువాని చేను ముంచినవాడు ఆ ధాన్యనష్టమును పూరింపవలెను. మన కౌటిల్యుడును ఇట్టివాడే. 1905లో మైసూరున శామశాస్త్రిగారి చేతబడి 1909లో అచ్చయిన అర్థశాస్త్రమున, వీథిలో చెత్త వేసినవానికి పణములో ఎనిమిదవ వంతు జరిమానా. బురదనీటితో దారి నడ్డగించినవానికి నాలుగవ వంతు. రాజమార్గమైనచో అవి రెండింతలు. పుణ్యస్థలములను, జలాశయములను మలినపఱచినవానికి అంతకంటె హెచ్చు దండన. అయితే రోగముచేతగాని, ఔషధవశమునగాని, భయముచేతగాని ఆ తప్పు జరిగినచో దండము లేదు. కౌటిల్యుని క్రూరుడని చెప్పువారు ఈ చిన్న మినహాయింపును చదువవలెను. ఇట్టి వివేకమును వెనుకనుంచుకొన్న శాసనము హేయము కాదు. దండనీతి లేనిచో పెద్దచేప చిన్నచేపను మ్రింగునని మన పూర్వులు చెప్పినమాట అనుభవసిద్ధము.

ఇక మూడవవాడు అశోకుడు. ఆయన తాతయగు చంద్రగుప్తునికి గురువు కౌటిల్యుడే యని సంప్రదాయము. దండమునకు కావలసిన పరికరములన్నియు ఆయన చేతనుండెను. కళింగయుద్ధమున లక్షమంది చంపబడిరనియు లక్షయేబదివేలమంది చెఱగొనిపోబడిరనియు ఆయనయే శిలపై ఒప్పుకొనెను. అట్టివాడు పట్టాభిషేకము జరిగిన యిరువదియాఱేండ్లకు చెక్కించిన స్తంభశాసనములలో ఒక ప్రతి మీరట్‌లో ఉండెను. ఆ స్తంభమును, హర్యానాలోని తోప్రాయందలి మఱియొక దానిని, పదునాలుగవ శతాబ్దిలో ఫిరోజ్‌షా తుగ్లక్ ఢిల్లీకి తెప్పించెను. తోప్రాస్తంభమును బూరుగుదూదిపై మెల్లగా పరుండబెట్టి, రెల్లుతోను పచ్చితోళ్లతోను చుట్టి, నలువదిరెండు చక్రముల బండిపై యమునకు చేర్చి, పడవలపై తెచ్చిరని ఆనాటి చరిత్రకారుడు షమ్స్ సిరాజ్ అఫీఫ్ వ్రాసినాడు. అవి భీముని చేతికఱ్ఱలని ప్రజలు చెప్పుకొనుచుండిరట. సుల్తాను పండితులను పిలిపించెను. ఆ అక్షరములను చదువగలవాడు ఒక్కడును లేకపోయెను. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీలిపిని పరిష్కరించువఱకు ఆ రాయి మూగయై యుండెను. ఈలోగా మీరట్ స్తంభము పదునెనిమిదవ శతాబ్దారంభమున ఒక ప్రేలుడులో అయిదు ముక్కలయ్యెను. ఆ ముక్కలను కూర్చి 1867లో ఢిల్లీ కొండవరుసపై మరల నిలిపిరి.

ఆ ముక్కలపై ఏమున్నది? మనుష్యుడు తన మంచిపనిని చూచుకొనునేగాని తన చెడుపనిని చూచుకొనడనియు, ఈ ఆత్మపరీక్ష కష్టమైనదనియు ఒక శాసనము చెప్పుచున్నది. మరణదండన విధింపబడినవానికి మూడుదినముల గడువు ఇయ్యవలెనని మఱియొకటి. ఆ మూడునాళ్లలో బంధువులు అధికారులను ప్రార్థింపవచ్చును. లేదా ఆ మనుజుడు దానోపవాసములతో పరలోకమునకు సిద్ధపడవచ్చును. అశోకుడు మరణదండనను రద్దుచేయలేదు. ఆయనను వట్టి సాధువుగా చిత్రించువారు ఈ సంగతిని దాటవేయుచుందురు. రాజు దండమును విడువలేదు. దండమునకును మనుష్యునకును నడుమ మూడుదినముల ఆలోచన నుంచెను.

తోప్రాస్తంభముపై మాత్రమే యున్న ఏడవ శాసనమున ఆయన తన పరిపాలననంతయు వెనుదిరిగి చూచుకొనినాడు. దారుల ప్రక్కన మఱ్ఱిచెట్లు నాటించితిననియు, మామిడితోటలు వేయించితిననియు, నూతులు త్రవ్వించితిననియు చెప్పి, ఇట్టి సౌకర్యములు పూర్వరాజులును కలిగించిరని వినయముతో చేర్చినాడు. పిమ్మట అసలు మాట. ప్రజలలో ధర్మము పెరుగుటకు ఆయన రెండుపాయములను గుర్తించెను: నియమము, నిఝతి. నియమమనగా ఇన్ని ప్రాణులను చంపరాదు అను వంటి విధినిషేధము. నిఝతి యనగా మనసులో మననముచేసి తనకు తానై ఒప్పుకొనుట. నియమమువలన జరిగినది స్వల్పమనియు, నిఝతివలన జరిగినదే హెచ్చనియు ఆయన తేల్చిచెప్పెను. అధికారబలము లేని సన్న్యాసి ఈ మాట చెప్పినచో చేతగానివాని వేదాంతమని కొట్టివేయవచ్చును. ఇంచుమించు భరతఖండమంతటిని శాసించినవాడు పలికినందున దీనికి బరువున్నది.

దీనికి ఆక్షేపణ లేకపోలేదు. అశోకుని యనంతరము సుమారు అర్ధశతాబ్దికే మౌర్యసామ్రాజ్యము అంతరించినది. ధర్మమును నమ్ముకొని దండమును సడలించుటయే యిందుకు కారణమని కొందఱు చరిత్రకారులు వాదించిరి. అట్లైనచో హమ్మురాబి రాజధానిని అతని తరువాత నూటయేబదియేండ్లకు హిట్టైటులు కొల్లగొట్టుటకు ఏ మెత్తదనము కారణము? రోము ఏ కరుణవలన కూలెను? సామ్రాజ్యములన్నియు కాలమునకు ఆహారమే. ఎంతకాలము నిలిచెనన్నది దాని మంచిచెడ్డలకు కొలత కాజాలదు. నాకు ఇంతకంటె గట్టిదిగా తోచు ఆక్షేపణ వేఱొకటి. పట్టాభిషేకము జరిగిన పదుమూడేండ్లకు అశోకుడు ధర్మమహామాత్రులను ఉద్యోగులను నియమించెను. మనసును మార్చు పని ఉద్యోగి చేతికి వచ్చిన మఱునాడే అది నియమముగా మాఱిపోవు అపాయము లేదా? మఠజీవనము నెఱిగినవారికి ఈ అపాయము తెలియును. అందుచేతనే శ్రీరామకృష్ణుల దృష్టాంతము మనకు అవసరమగుచున్నది: లేతమొక్కకు కంచె కావలెను, మ్రానైన పిమ్మట దానికి ఏనుగునే కట్టివేయవచ్చును. నియమము కంచె. కంచెను ఎంత ఎత్తుగా కట్టినను వేరు దిగనిచో మొక్క నిలువదు.

మన సీమలోను ఈ మాట మ్రోగినది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపై అశోకుని శాసనము లున్నవి. ధర్మమునందు ఉత్సాహమున్నచో గొప్పవాడే కాక అల్పుడును స్వర్గమును పొందగలడని చెప్పు శాసనము అచట కలదు. 1966లో ఢిల్లీ నగరములోని బహాపూర్ గుట్టపై బయటపడినదియు ఆ శాసనమే. ఘాజియాబాదున నివసించు తెలుగువాడు తన జన్మభూమిలో విడిచివచ్చిన వాక్యమును అచటికి కొద్దిదూరముననే చూడగలడు. 1947 నుండి మన పతాకముపై నున్న చక్రమును, 1950 నుండి రాజముద్రయైన సింహములును సారనాథ్ అశోకస్తంభమునుండి వచ్చినవే. చిహ్నము ఇంత ప్రత్యక్షముగా నిలిచియున్నది. చిత్తమున ఏమి నిలిచినదో చూచుటకు మరల నది యొడ్డునకు పోవుదము.

హిండన్ సహారన్‌పూర్ ప్రాంతపు శివాలిక్ పాదములలో పుట్టి, కృష్ణీ, కాళీ నదులను కలుపుకొని సుమారు 400 కిలోమీటర్లు ప్రవహించి యమునలో కలియును. దారిపొడవున చక్కెరమిల్లులు, కాగితపుమిల్లులు, సారాయి బట్టీలు, పట్టణముల మురుగు దానిలో పడుచున్నవి. నియమము లేదని ఎవరును అనజాలరు. 1974లోనే జలకాలుష్యనివారణకు పార్లమెంటు చట్టము చేసెను. 2010లో జాతీయ హరిత న్యాయాధికరణ మేర్పడెను. ఆ నదీతీరగ్రామములలో చెడినీరు వచ్చు చేతిపంపులను తొలగింపుమని ఆ న్యాయస్థానమే ఆజ్ఞాపింపవలసివచ్చినది. కౌటిల్యుని పణములో ఎనిమిదవ వంతునకు ప్రతిగా నేడు లక్షల జరిమానాలు కలవు. నీరు మాత్రము నల్లగానే యున్నది. రాత్రివేళ గొట్టమును నదిలోనికి త్రిప్పువాడు చట్టమును ఎఱుగనివాడు కాడు. దిగువనున్న పల్లెలో ఆ నీటిని త్రాగు బిడ్డ యున్నదని అతనికి తోచలేదు, అంతే. జీవుని శివుడని సేవింపుమని దక్షిణేశ్వరమున 1884లో శ్రీరామకృష్ణులు పలికినమాట ఆలయపు గోడలలోపలి సాధకులకు మాత్రమే చెందునని మనము తలచితిమేమో!

అట్లని ఆత్మనియమము మన జనులనుండి తొలగిపోయినదా? కార్తికమాసమున ఛఠ్ పండుగనాడు హిండన్ రేవులను చూడుడు. బీహారునుండియు తూర్పు ఉత్తరప్రదేశమునుండియు కూలికై, ఉద్యోగమునకై వచ్చినవారి స్త్రీలు వేలకొలదిగా ముప్పదియాఱు గంటలు నీరైన ముట్టక, నడుములోతు నీటిలో నిలిచి, క్రుంకు సూర్యునకును ఉదయించు సూర్యునకును అర్ఘ్యమిచ్చుచున్నారు. వారిని ఏ అధికారియు ఆజ్ఞాపింపలేదు. ఉపవాసము తప్పినచో విధించుటకు జరిమానా లేదు. సూర్యోపాసన ఎంత ప్రాచీనమో చెప్పనక్కఱలేదు. దానిని మోసికొనివచ్చినది ఏ రాతిస్తంభమును కాదు, తల్లులు. అశోకుడు నిఝతి యనినది ఇంతటి శక్తిగల వస్తువు. కాని అది వ్రతమువఱకు వచ్చి నదివద్ద ఆగిపోయినది. అర్ఘ్యము పట్టు చేతుల శుద్ధిని గూర్చి అంత శ్రద్ధగలవారమే, ఆ చేతులు మునుగు నీటిని గూర్చి ఎవరిదో పని యనుకొనుచున్నాము. భీముని చేతికఱ్ఱయని స్తంభమునకు మ్రొక్కి, దానిపైని అక్షరములను మఱచినవారికిని మనకును నడుమ నాకు అంత దూరము కనబడుటలేదు.

వ్రతము చేయువారు ఆ నల్లనీటిలో దిగవలసివచ్చుచున్నదని పండుగకు ముందు గంగకాలువనుండి హిండనులోనికి నీరు విడుచు ఏర్పాటు జరుగుచుండును. ఆ దినములలో నది కొంత తేటపడును. పండుగ ముగిసిన పిమ్మట తలుపులు మూయబడును. రెండుమూడు దినములలో నీరు మరల వెనుకటి రంగునకు వచ్చును.