ఎందుకెళ్ళింది?

2024 డిసెంబర్ 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటలో 35 ఏళ్ళ స్త్రీ చనిపోయింది. భర్తతో, ఇద్దరు పిల్లలతో కలిసి 'పుష్ప 2' ప్రీమియర్ షోకి వచ్చిందామె. తొమ్మిదేళ్ళ కొడుకు ప్రాణాపాయ స్థితిలో ఆసుపత్రి పాలయ్యాడు. బాధ్యత ఎవరిదన్న దాని మీద కేసులు, అరెస్టులు, అసెంబ్లీలో చర్చ అన్నీ జరిగాయి. వాటి గురించి చాలామంది రాశారు. నన్ను పట్టుకుని వదలనిది మాత్రం వేరే ప్రశ్న. బస్‌స్టాపులో, స్టాఫ్‌రూంలో, చుట్టాలింట్లో భోజనాల దగ్గర నేను విన్న ప్రశ్న. "అంత రాత్రప్పుడు పిల్లల్నేసుకుని ఆమె సినిమాకెందుకెళ్ళింది?"

వెళ్ళింది నలుగురు. ప్రశ్న మాత్రం ఆమె ఒక్కదానికే!

సరిగ్గా ఐదు వారాల తర్వాత, 2025 జనవరి 8 రాత్రి, తిరుపతిలో వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం చేరిన జనంలో తొక్కిసలాట జరిగి ఆరుగురు చనిపోయారు. వాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళే. ఏర్పాట్లు ఎందుకు సరిగా లేవని, పోలీసులు ఏం చేస్తున్నారని అందరూ అడిగారు. అడగాల్సిన ప్రశ్నలే. "వాళ్ళెందుకెళ్ళారు?" అని మాత్రం నాకు వినబడినంతలో ఎవరూ అనలేదు. దేవుడి దగ్గరికి వెళ్ళడానికి కారణం చెప్పక్కర్లేదు. సరదాకి వెళ్ళిన మనిషి చనిపోయాక కూడా సంజాయిషీ ఇచ్చుకోవాలి.

ఆడదాని సరదాకి కారణం ఎందుకుండాలి? చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. ఆకలి, వరకట్నం, హింస లాంటి పెద్ద విషయాల పక్కన దీన్ని పెట్టడానికి మనకే కొంచెం మొహమాటం. ఆ మొహమాటం గురించే నా అనుమానమంతా.

2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలి మీద జరిగిన అత్యాచారం, హత్య మనందరికీ గుర్తుంది. "పాపం, డాక్టరు, ఉద్యోగం చేసుకునే పిల్ల" అన్నమాట ఆ రోజుల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆమె మంచితనానికి ఆమె ఉద్యోగమే సర్టిఫికెట్ అయింది. అదే ఆమె స్నేహితురాళ్ళతో సెకండ్ షో చూసి వస్తుంటే? జాలి అంతే ఉండేదా? మన ఊరేగింపుల్లో, కరపత్రాల్లో కూడా రాత్రిపూట వీధి ఎందుకు కావాలంటే ఉద్యోగానికి, చదువుకి, ఆసుపత్రికి అనే చెప్తాం. వాదన గెలవాలంటే అది సులువు. కానీ ఆ వాదన గెలిచిన ప్రతిసారీ ఏ పనీ లేకుండా బయటికొచ్చినామె ఇంకొంచెం ఒంటరిదవుతుంది.

ముంబై నగరంలో స్త్రీల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసిన 'వై లాయిటర్?' పుస్తకం 2011లో వచ్చింది. బయటికొచ్చిన ఆడవాళ్ళు తమకేదో పని ఉన్నట్టు ఎప్పుడూ కనబడాల్సిందేనని అందులో చెప్తారు. చేతిలో సంచీ, చెవి దగ్గర ఫోను, వడివడి నడక. భద్రత అనేది ఎవరో దయతో ఇచ్చేదిగా కాకుండా, పనిలేకుండా తిరిగే హక్కుగా, కావాలనుకుంటే ప్రమాదాన్ని కూడా ఎంచుకునే హక్కుగా అడగాలంటారు. చదివినప్పుడు నాకు ముంబై కంటే మా వంటిల్లే ముందు గుర్తొచ్చింది. మధ్యాహ్నం రేడియోలో వివిధభారతి పెట్టుకుని మా అమ్మ బియ్యం ఏరేది. పాటల కోసమే కూర్చునేదని ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఒళ్ళో చేట లేకుండా పాట వినడం నేనెప్పుడూ చూడలేదు. నాన్న వినేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని, కాళ్ళు చాపుకుని వినేవాడు.

సాహిత్యంలోనూ ఇదే తంతు. యద్దనపూడి సులోచనారాణి నవలల్ని ఆబగా చదివిన పాఠకురాళ్ళని మన విమర్శ ఎంత వెక్కిరించిందో తెలిసిందే. పగటి కలలన్నారు, కాలక్షేపమన్నారు. నా పిహెచ్‌డి పని మీద ఆ తరం పాఠకురాళ్ళు కొందరితో మాట్లాడాను. ఎందుకు చదివేవారంటే మొదట అందరూ ఏదో ఒక ప్రయోజనమే చెప్పారు. భాష వస్తుందని, లోకజ్ఞానమని, పిల్లవాడు పడుకున్నప్పుడు నిద్ర ఆపుకోడానికని. టీ తాగి, టేప్‌రికార్డరు కట్టేశాక ఒకామె గొంతు తగ్గించి చెప్పింది. "బావుండేవమ్మా, అందుకే!" థీసిస్‌లో పెట్టడానికి అంతకంటే గట్టి వాక్యం నాకు దొరకలేదు.

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సులో ప్రయాణం ఉచితం. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ వచ్చింది. సీట్లు దొరకని మగవాళ్ళ విసుగు నాకర్థమవుతుంది. బస్సులు తక్కువ, జనం ఎక్కువ. కానీ ఆ విసుగు బస్సుల సంఖ్య మీదికి పోకుండా "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అంటూ ఆడవాళ్ళ మీదికే మళ్ళుతుంది. 2024 ఆగస్టులో, బస్సులో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ళ మీద కూడా పెద్ద రగడ జరిగింది. బ్రేక్‌డాన్సులు వేసుకున్నా మాకేం అన్న రాజకీయ నాయకుడు తర్వాత విచారం వెలిబుచ్చాడు. విచిత్రమేమిటంటే, ఆ కాస్త ప్రయాణంలో కూడా వాళ్ళు చేస్తున్నది ఇంటిపనే. మా అమ్మ చేటలాగే ఒళ్ళో వెల్లుల్లి పెట్టుకుని కూర్చున్నారు. అయినా నవ్వులపాలయ్యారు.

ఒక స్నేహితురాలు నాతో వాదించింది. "సరదా, సరదా అంటావు. ఆ సరదాని తయారుచేసి అమ్మేదెవరు? వీరహీరోలు, నరుకుళ్ళు, ఐటెం పాటలు... ఆ సినిమాకి వెళ్ళే హక్కు కోసం మనం కొట్లాడాలా?" కొట్టిపారేసే మాట కాదిది. ఆ సినిమాల్ని విమర్శిస్తూ నేనూ రాశాను, ఇంకా రాస్తాను. కానీ సినిమాని నిలదీయడం వేరు, టికెట్టు కొనుక్కున్న మనిషిని నిలదీయడం వేరు. మంచి సినిమాకి వెళ్తేనే నీ ప్రాణానికి విలువ అనగలమా? పిల్లలతో వెళ్ళింది కదా అంటారు. కొడుకుని భుజాలమీద కూర్చోబెట్టుకుని జనంలోకి తీసుకెళ్ళే తండ్రిని చూసి మనం ముచ్చటపడతాం. గుంపుని అదుపులో పెట్టాల్సిన వాళ్ళకి వెయ్యాల్సిన ప్రశ్న, తిరిగి జవాబు చెప్పలేని ఆమె దగ్గరకే చేరుతోంది.

ఉచిత టికెట్టులో ఒక తిరకాసుంది. డబ్బులు అక్కర్లేదు గానీ ఎక్కడికో చెప్పాలి. జీరో టికెట్టు మీద కూడా దిగే ఊరు పడాలిగా! మా అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒక ఆంటీకి అరవై దాటాయి. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని బస్సెక్కి కోఠీ దాకా వెళ్ళి, మళ్ళీ ఇంకో బస్సులో వెనక్కొచ్చేస్తుంది. కిటికీ పక్క సీటు దొరికితే చాలు ఆమెకి. "రోజూ ఏం పనమ్మా కోఠీలో?" అని కండక్టరమ్మ అడిగితే మొదటివారంలోనే ఒక చెల్లెల్ని పుట్టించిందట. ఆంటీకి అక్కచెల్లెళ్ళెవరూ లేరు. ఇప్పుడా కండక్టరమ్మ ఎక్కడికని అడగడం మానేసింది. టికెట్టు కొట్టి చేతిలో పెడుతూ, "చెల్లెలు బాగుందా?" అని కిసుక్కున నవ్వుతుందట.